అవతల ఎవరూ లేరు

"మేడం మీటింగులో ఉన్నారు సార్, వచ్చేస్తారు" అన్నాడు కరెంటాఫీసు అటెండరు. ఆ మొదటి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మేడమా? ఇంజనీరు ఆడమనిషా? ఎప్పటి నుంచి? "భలేవారు సార్, పాత సారు బదిలీ మీద వెళ్ళి ఎంత కాలమైంది! మీకు తెలియకుండా ఉంటుందా" అని నవ్వాడు. వెక్కిరించి నవ్వినా బాగుండేది. వార్డు కౌన్సిలరుకి కరెంటాఫీసు కుర్చీలో ఎవరున్నారో తెలియకపోవడమన్నది అతని ఊహకే అందలేదు, పరాచికమాడుతున్నాననుకున్నాడు. లోపల గదిలో కూర్చోమన్నాడు, ఫ్యాను వేస్తానన్నాడు, టీ తెప్పిస్తానన్నాడు. ఏమీ వద్దని వరండాలో ఈ బల్ల మీద కూలబడ్డాను. ఎంతమందిని పంపి ఉంటానో ఈ బల్ల మీదికి, వెళ్ళండి, నా పేరు చెప్పండి, కూర్చోమంటే కూర్చోండి అని. నేను కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. వీపు దగ్గర ఒక చెక్క లేచి ఉంది, వెనక్కి ఆనుకుంటే చొక్కా పట్టుకుంటోంది. ఆమె కూడా ఇక్కడే కూర్చుని ఉంటుంది, ఆ బట్టలు కుట్టే ఆమె, మొగుడి మందుల చీటీలున్న ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని. నా దగ్గరికి రాకముందే ఇక్కడికి వచ్చి వెళ్ళానని మొదటి రోజే చెప్పింది కదా, "మీరొక్క మాట చెబితే చేస్తామన్నారన్నా" అని. అంటే ఈ మేడంని ఆమె చూసే ఉంటుంది. చూసి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని, నేను ఫోను చెవికి ఆనించి, నమస్తే సార్, బాగున్నారా సార్, మా వార్డు మనిషే సార్, అని... ఒకసారి కాదు. మూడుసార్లు.

మా నాన్న రంగుల కొట్టు పెట్టినప్పుడు నాకు నేర్పిన మొదటి విద్య, మెట్టెక్కినవాడితో లేదనే మాట అనకూడదని. లేని సరుకు అడిగితే రేపొస్తుందనాలి. రేపొస్తే ఎల్లుండనాలి. లేదంటే పక్క కొట్టుకి పోతాడు, రేపంటే మళ్ళీ మన మెట్టే ఎక్కుతాడు. రెండో విద్య, అద్దాల బీరువాలో ఖాళీ డబ్బాలు పేర్చడం. మూత మెరుస్తుండాలి, లోపల రంగు ఉండక్కర్లేదు, కొట్టు నిండుగా కనిపిస్తే చాలు, గిరాకీయే గిరాకీని లాక్కొస్తుంది. ఈ రెండు విద్యలతోనే కొట్టు నడిపాను, వీటితోనే వార్డూ నడుపుతున్నాను. పొద్దున తలుపు తీసేసరికి ఇంటి ముందు కుర్చీల్లో మనుషులు. కాలవ పొంగిందనేవాడు, వీధి దీపం వెలగడం లేదనేవాడు, కుక్క కరిచిందని పిక్క చూపించేవాడు, అన్న గోడ ముందుకి జరిపాడని తమ్ముడు, తమ్ముడే జరిపాడని అన్న. ఒకరికి సంతకం, ఒకరికి ఓదార్పు, ఒకరికి కోపం. కోపం కూడా సరుకే, వాడి తరఫున నేను కాసేపు ఎగిరితే వాడి కడుపు చల్లబడుతుంది. ఆ తర్వాత బడిలో బహుమతులు, ఎక్కడో రిబ్బను, చావు ఇళ్ళు. పెళ్ళికి రాకపోతే మరిచిపోతారు, చావుకి రాకపోతే ఓటేసే రోజున గుర్తు తెచ్చుకుంటారు, అందుకని చావు మాత్రం ఎన్నడూ తప్పను. నలిగిపోతున్నాను, ఊపిరి సలపడం లేదు అని ఇంట్లో అంటూ ఉంటాను. ఊపిరి సలపడం లేదు! ఎంత తేలిగ్గా వాడతాం ఆ మాట.

ఫోను మొదలైంది మోసంగా కాదు. ఒక ముసలావిడ ఎదురుగా నిలబడి ఉండగా ఎవరో అధికారికి నిజంగానే చేశాను, అవతల మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. ఎత్తడం లేదమ్మా అనడానికి నామోషీ వేసింది, కౌన్సిలరు చేస్తే కూడా ఎత్తరా అనుకుంటుందని. ఆ, నమస్కారం సార్, అనేశాను. మాట్లాడేశాను. ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు తట్టింది లెక్క. నిండు డబ్బాకి పడే దండమూ ఖాళీ డబ్బాకి పడే దండమూ ఒకటే. నిజం ఫోను అంటే ఖర్చు. అధికారుల దగ్గర నా మాట అగ్గిపుల్ల లాంటిది, ఒకసారి గీస్తే అయిపోయింది, పెట్టెలో ఉన్నవే కొన్ని, ఎవరి పొయ్యి కోసం గీస్తున్నామో చూసుకోవద్దూ? చూసుకున్నాను. ఫంక్షను హాలు యజమానికి పెద్ద లైను కోసం ఒకటి గీశాను. మా బావమరిది కూల్‌డ్రింకుల షాపు మీటరుకి ఒకటి. నాకు టికెట్టిప్పించిన పెద్దాయన సభకి దీపాల కోసం ఒకటి. మిగిలిన ప్రజలందరికీ ఖాళీ ఫోను. దానికీ ఒక పనితనం ఉంది, ఊరికే రాదు. అవతలివాడు మాట్లాడేంతసేపు ఆగాలి. మధ్యలో ఒకసారి నవ్వాలి. "అబ్బే, అలా కాదు సార్" అని కాస్త గట్టిగా అనాలి, ఎదుటి మనిషికి నేను తన కోసం పోట్లాడుతున్నట్టుండాలి. చివర్లో పిల్లల చదువుల గురించి అడగాలి, దాంతో మాకు రాకపోకలున్నాయనిపిస్తుంది. లేని ఇంజనీరుగారి లేని కొడుకుని ఇంటరు దాకా చదివించాను నేను.

ఇవాళ మధ్యాహ్నం భోజనం వేళకి ఆమె వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. "సాయంత్రం అందరిళ్ళలో లైట్లు వేసే వేళకి కరెంటు పలచబడిపోతుందన్నా. ఫ్యాను ఈడుస్తుంది. ఆక్సిజన్ మిషను కూత పెట్టి ఆగిపోతుంది. సిలిండరు పెడుతున్నాను, అదీ అడుగంటింది. నిన్న ఆయన నా చెయ్యి పట్టుకుని..." అని ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "మా తీగ అవతలి వీధి స్తంభానికి మారిస్తే చాలంటన్నా. అంతేనంట." అంతేనా, ఇప్పుడే చెప్తానుండు, అన్నాను. ఫోను తీశాను, వేలితో ఏదో నొక్కాను, చెవికి పెట్టాను. ఇవాళ ఇంకా బాగా చేశాను, నిజంగా జాలేసింది మరి, జాలేస్తే మాట బాగా వస్తుంది. "ఊపిరికి సంబంధించిన విషయం సార్, మీరే దయ చూడాలి సార్" అంటూ ఉన్నాను, ఇంకా అంటూనే ఉన్నాను, చెవి మీద ఫోను గణగణ మోగింది.

ఒక్క క్షణం ఇద్దరమూ ఆ మోత విన్నాం. నేను ఏం చేశాను? సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుంటుందంటారు, నాకు లేదు, మోగుతున్న ఫోనులోకి ఇంకా "సరే సార్" అన్నాను. ఆమె మాత్రం నా వైపు చూడలేదు. ఎవరిదైనా పంచె ఊడితే పక్కకి తిరిగి నిలబడే పెద్దమనిషిలా, కవరులో చీటీలు సర్దుకోవడం మొదలుపెట్టింది, సర్దినవే మళ్ళీ సర్దింది. "మీకింకో ఫోనొస్తున్నట్టుందన్నా, చూసుకోండి. నేను మళ్ళీ వస్తాలే" అంది, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. తిట్టి ఉంటే తిట్టు తిని దులుపుకునేవాణ్ణి, రోజుకెన్ని తినడం లేదు. నా పరువు నా చేతిలోంచి జారి పడితే వంగి తీసి నాకే ఇచ్చి వెళ్ళింది, దాన్ని ఎక్కడ పెట్టుకోను?

ఫోను చేసింది మా ఆవిడ. వంటింట్లోంచి. తినడానికి రమ్మని. లోపలికి వెళితే పళ్ళెం పెట్టి, గరిటె పట్టుకుని నిలబడింది. "మీరెవరితోనో మాట్లాడుతుంటే వింటూనే చేశాను, ఎంగేజి వస్తుందనుకున్నా. మోగింది." నేను పళ్ళెం వైపు చూశాను. "నేను చేస్తే మోగిందంటే, అప్పటిదాకా మీరు మాట్లాడుతున్నది ఎవరితో?" రాజకీయంలో ఇవన్నీ ఉంటాయి, నీకు తెలియదులే, అన్నాను. తల ఊపింది, అర్థమైనట్టే ఊపింది. "పెళ్ళి చూపులప్పుడు మీ నాన్నగారు మా వాళ్ళని కొట్టంతా తిప్పి చూపించారు. ఆ డబ్బాలు కూడా ఇంతేనా?" అంది. నవ్వు రావలసిన మాట. ఇద్దరికీ రాలేదు. "నా జాకెట్లన్నీ కుట్టేది ఆమే. రేపు కొలతలివ్వడానికి వెళ్ళి ఎటు చూడమంటారు?" పళ్ళెం పక్కకి జరిపాను. చెయ్యి కడుక్కుని బండి తీసి ఇక్కడికొచ్చేశాను. వచ్చేటప్పుడు కూడా దారి పొడుగునా లెక్కలే, ఇప్పుడు నిజంగా అడిగితే ఇంజనీరు ఏమంటాడు, బదులుగా ఏమడుగుతాడు, అవతలి వీధిలోని ఫంక్షను హాలాయన ఏమనుకుంటాడు. అడుగుతాడు, అంటాడు. ఇంజనీరు ఇంకా మగవాడే అప్పటికి.

"ఏ వార్డు నాయనా?" అన్నాడు పక్కనున్న ముసలాయన, మీటరు తప్పుగా తిరుగుతోందని వచ్చాడట. కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. చెప్పాను.

"అబ్బో! మీ కౌన్సిలరు మంచోడంట కదా."

"ఎవరన్నారు?"

"మా వియ్యంకుడిది ఆ వార్డే. మా వార్డువాడున్నాడు చూశావూ, ఇంట్లోనే ఉండి లేడనిపిస్తాడు. మీ ఆయన అలా కాదంట. కూర్చోబెడతాడంట, మంచినీళ్ళిస్తాడంట, అప్పటికప్పుడు ఎదురుగానే ఫోను కొడతాడంట."

"పనవుతుందంటా?"

"పనా?" ముసలాయన బోసినోటితో కులాసాగా నవ్వాడు. "పని కావాలంటే ఈ బల్ల ఉంది కదా నాయనా. ఆ ఫోనుకి నోరే గానీ చెవి లేదంటాడు మా వియ్యంకుడు. పోనీలే, మనసు కష్టపెట్టి పంపడు, అదైనా ఎవడు చేస్తున్నాడు?"

నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానిస్తాడని నవ్వాను, నా మీద వేసిన జోకుకి వేరేవాడిలా నవ్వడం ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది, దగ్గుకీ నవ్వుకీ మధ్యలో ఏదో వచ్చింది. అయితే అందరికీ తెలుసు. వియ్యంకులు చెప్పుకుంటున్నారు. పొద్దున్నే వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు, నేను ఫోను తీయగానే ముందుకి వంగి శ్రద్ధగా వినేవాళ్ళు, వెళుతూ దండం పెట్టేవాళ్ళు, వాళ్ళు నా ఆట చూడ్డానికొచ్చి నాకోసం ఆడేవాళ్ళా? బీరువాలో డబ్బాలు ఖాళీవని కొనేవాళ్ళకి తెలియదనుకున్నది ప్రపంచంలో మా నాన్నా నేనూ ఇద్దరమేనేమో. తెలిసీ ఎందుకొచ్చేవారు మా కొట్టుకి? దగ్గరగా ఉందని. వేరే కొట్టు లేదని. దాన్ని నేను మా తెలివి అనుకున్నాను.

ఆమె మొగుడు రంగులు వేసేవాడు. ఆ వీధిలో అందరూ అతన్ని బ్రష్షు అనే పిలిచేవాళ్ళు, కురచగా, జుట్టు నిలబడి, అలాగే ఉండేవాడు. మా కొట్టు తలుపు తీసేసరికి అరుగు మీద ఉండేవాడు, డబ్బా మూత తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, "సరుకు కొత్తదే షావుకారూ, ఘాటుంది" అనేవాడు, ఆ ఘాటే అతనికి పరీక్ష. మూతికి గుడ్డ కట్టుకోవయ్యా అని నేనెప్పుడూ అనలేదు. నేను పోటీ చేసినప్పుడు వార్డులో గోడలన్నింటి మీదా నా పేరు రాసింది అతనే. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా చెదరలేదు. నిచ్చెన మీద నిలబడి దగ్గుతూ రాస్తుంటే కింద నిలబడి, అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా ఉండాలి అన్నాను, అదీ నేను. ఇప్పుడు ఆ మనిషికి గాలి కావాలి. కాస్త కరెంటు, దాంతో కాస్త గాలి. నేను అగ్గిపుల్లలు దాచుకుంటున్నాను. బావమరిది కూల్‌డ్రింకులు చల్లగా ఉన్నాయి. మూడోసారి ఆమె వచ్చిందంటే మధ్యలో ఎన్ని సాయంత్రాలు గడిచి ఉంటాయి, ప్రతి సాయంత్రం వీధిలో ఒక్కొక్క ఇంట్లో దీపం వెలిగేకొద్దీ అతని మిషను నీరసించి ఉంటుంది, వెలుగుని చూసి భయపడే మనిషి ఎవరైనా ఉంటారా, ఉన్నారు, ఆ ఇంట్లో ఇద్దరు. వరండాలో ఎండ నా చెప్పుల దాకా వచ్చింది. పొద్దు వాలుతోంది. ఈ మేడం త్వరగా రాకూడదా? నన్ను కాదని ఈ ముసలాయన్ని ముందు పిలిస్తే? పిలవనీ. కాదు, నన్నే పిలవాలి. చూశారా, ఇక్కడ కూడా నాకు ముందు వరసే కావాలి.

"అయ్యో, కౌన్సిలరుగారూ, బయట కూర్చున్నారేమిటి!" అంటూ వచ్చింది ఇంజనీరమ్మ. మా పెద్దమ్మాయి వయసుంటుంది. గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చెప్పాను. సగంలోనే అందుకుంది. "ఆ కుట్టుపని చేసే ఆమె ఇల్లే కదండీ? ఆమెని మీ దగ్గరికి పంపిందే నేను. ఆ స్తంభం ఫంక్షను హాలు గోడ పక్కది. తమ లైను మీద ఇంకెవరికీ ఇవ్వొద్దని హాలువాళ్ళ గొడవ. ఆ లైను తెప్పించింది మీరు కాబట్టి, మీ నుంచి ఒక్క మాటుంటే మిగతాది నేను చూసుకుంటానన్నాను. నా నంబరు కూడా ఇచ్చి పంపానే, ఇవ్వలేదా?"

ఇవ్వబోయింది. రెండోసారి వచ్చినప్పుడు "నంబరుందన్నా, చెప్పమంటారా" అని అడిగింది. నా దగ్గరుందిలే అమ్మా, రోజూ మాట్లాడుకునేవాళ్ళమే, అన్నాను.

"మరి చేయలేదేం?" అని అడిగింది ఇంజనీరమ్మ. మందలింపుగా కాదు, నిజంగా తెలుసుకుందామని. పనుల్లో పడి మరిచిపోయానమ్మా, అన్నాను. ఇంకొక ఖాళీ డబ్బా. ఆమె నమ్మింది, నా సంగతి ఆమెకి కొత్త కదా. టేబులు మీద ఫోను తీసుకుని లైన్‌మన్‌కి చేసింది. వీధి చెప్పింది, ఇల్లు చెప్పింది, "చీకటి పడకముందే మార్చెయ్" అంది, పెట్టేసింది. బాగున్నావా అనలేదు. మధ్యలో నవ్వలేదు. ఎవరి పిల్లల చదువులూ అడగలేదు. నిజం ఫోను ఇంత చిన్నగా ఉంటుందా. నేను ఆ బట్టలు కుట్టే ఆమెకి చేసి చూపించిన వాటిలో ఏ ఒక్కటైనా దీనికి నాలుగు రెట్లు పొడుగు. అగ్గిపుల్ల కూడా ఖర్చు కాలేదు, బదులుగా ఇంజనీరమ్మ ఏమీ అడగలేదు, నేను కష్టపడి దాచుకున్నదంతా ఇక్కడ చెల్లని సరుకే.

లైన్‌మన్ వెనకే బండి మీద వెళ్ళాను. అతను స్తంభమెక్కి తీగ మారుస్తున్నంతసేపు వీధి వీధంతా తలలెత్తి చూసింది. హాలు మేనేజరు బయటికొచ్చి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరో కుర్చీ తెచ్చారు. "అన్న తలుచుకున్నాడంటే అంతే!" అన్నాడొకడు, ఇంకొకడు చప్పట్లు కొట్టాడు. ఈ చప్పట్ల కోసం ఎన్ని వీధులు తిరిగుంటాను నేను, ఇవాళ చెవులు మూసుకుందామనిపించింది. ఇళ్ళలో ఒక్కొక్క లైటూ వెలిగింది. లోపల మిషను ఆగకుండా గుర్రుమంటోంది. ఆమె గుమ్మంలో నిలబడి ఆ చప్పుడే వింటోంది.

దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, ఆ ఫోన్లు..." అన్నాను.

"తెలుసన్నా."

"ఇవాళేనా?"

"మొదటి రోజే. మీరు సార్ సార్ అంటుంటే ఆ ఇంజనీరమ్మాయి మొహం గుర్తొచ్చి నవ్వాపుకోలేక చచ్చా. ఇంటికొచ్చి ఏడ్చాననుకోండి."

"మరి మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చావు?"

"ఎక్కడికి పొమ్మంటారు?" కొలత టేపు మెడలోనే ఉంది, దాని కొసని వేలికి చుట్టుకుంటూ, గుడ్డ సరిపోతుందో లేదో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. "తలుపు తీయనోడికి సిగ్గుండదన్నా. అబద్ధమాడేవాడికి ఏదో ఒక రోజు వేస్తుంది. అది వేసేదాకా తిరుగుదామనుకున్నా." తర్వాత గొంతు పెంచి, నలుగురికీ వినపడేలా, "లోపలికి రండన్నా, ఆయన చూస్తానంటున్నారు" అంది.

పనుంది, వెళ్ళాలి అని నోటి దాకా వచ్చింది. వెళ్ళాను. మంచం, కుట్టుమిషను, వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. బ్రష్షు తలగడలకి ఆనుకుని ఉన్నాడు, ముక్కుకి గొట్టం. నిలబడే జుట్టు అణిగిపోయింది. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. మాట్లాడొద్దన్నాను. వినలేదు.

"షావుకారూ... మా ఆవిడ చెప్పింది. నా కోసం... మూడుసార్లు ఫోను చేశారంట." గాలి పీల్చుకున్నాడు. "నేనే నమ్మలేదు. నాలాంటోడి కోసం ఎవడు చేస్తాడే... పిచ్చిదానా అన్నా. నిజంగా చేశారా?"

కుట్టుమిషను ముందు కూర్చున్న ఆమె సూదిలోకి దారం ఎక్కించబోతూ ఆగింది. నా వైపు చూసింది, ఈ రోజులో మొదటిసారి సూటిగా. ప్రతి సాయంత్రం గాలి అందనప్పుడు ఆమె అతనికి ఏ మాట చెప్పి ధైర్యమిచ్చిందో అప్పుడర్థమైంది. నేను నిజం చెప్పుకుని తేలికపడే వీలు కూడా ఆ ఇంట్లో నాకు లేదు.

"చేశాను" అన్నాను.

అతను నా చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. వెనక్కి తీసుకోబోతే రెండో చేత్తో పైనుంచి అదిమి పట్టుకున్నాడు. అలాగే కళ్ళు మూసుకున్నాడు. నా అరచేతి కింద ఊపిరి వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది.